ఒకే ఆకులో బేరం

"గాండెతో చెప్పు, బంతి నా చేతిలోంచి వెళ్ళాక పరుగు మొదలుపెడుతున్నాడు. వెళ్ళకముందే మొదలుపెట్టాలి," అన్నాడు డామా.

హారో పక్కకు తిరిగాడు. గాండె అక్కడే ఉన్నాడు, డామా చెయ్యి చాపితే భుజానికి తగిలేంత దగ్గర్లో, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు.

"విన్నావుగా?" అన్నాడు హారో.

"ఏం వినాలి? నాతో ఎవరూ ఏమీ అనలేదే."

హారో నిట్టూర్చి, డామా అన్న మాటలే మళ్ళీ అన్నాడు. గాండె తల ఊపాడు.

"ముసలాయనతో చెప్పు. ముందే పరుగెత్తాలంటే బంతి వస్తుందన్న నమ్మకం ఉండాలి. ఆయన మనసు మారిందంటే నేను ఉత్త చేతులతో వెళ్ళి ఇంగ్లండ్ వాళ్ళ భుజాలకు గుద్దుకోవాలి."

"అన్నా, ఇతనేమంటున్నాడంటే..."

"నాకూ చెవులున్నాయి హారో."

"మరి మధ్యలో నేనెందుకు? ఒళ్ళంతా దెబ్బలు తినడానికి వచ్చినవాణ్ణి నేను. నాచేత టపా మోయిస్తున్నారు. మా తీరంలో చేపలు కూడా ఇంతకన్నా బాగా మాట్లాడుకుంటాయి. మీ కొండవాళ్ళతో పడలేను బాబూ!"

జట్టులో అందరూ నవ్వారు. ఆ ఇద్దరూ నవ్వలేదు. కోచ్ టోకియాలా కూడా నవ్వలేదు. మైదానం అంచున గొడుగు కింద నిలబడి, ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా చూస్తున్నాడు.

డామాదీ గాండెదీ ఒకే సింబూ జిల్లా. ఒక కొండకి ఇటు పక్క డామా వాళ్ళ కోమ్‌గైలు, అటు పక్క గాండె వాళ్ళ అరిబాలు. మధ్యలో కాఫీ తోటలు, తోటల మధ్య ఒక కాలువ గట్టు. గాండె ఇంకా పాలు తాగే రోజుల్లో ఆ గట్టు ఎవరిదన్న తగవు వచ్చి బాణాలు లేచాయి. డామా మేనత్త బోల్కున్ భర్త ఆ గట్టు మీదే పడిపోయాడు. తరవాత పోలీసులు వచ్చారు, ఫాదర్లు వచ్చారు, పోట్లాట ఆగింది. కానీ పరిహారంగా పందుల పంపకం జరగలేదు, చచ్చినవాడి లెక్క తేలలేదు. లెక్క తేలనంత కాలం కోమ్‌గై చేతి తిండి అరిబా తినడు, అరిబా పొయ్యి మీద వండింది కోమ్‌గై ముట్టడు. తింటే తిన్నవాడి ఎముకలు లోపల్లోపలే పుచ్చిపోతాయంటారు. పుచ్చినా పుచ్చకపోయినా, తిన్నవాణ్ణి సొంతవాళ్ళు మళ్ళీ తమ నిప్పు దగ్గర కూర్చోనివ్వరు. అది మాత్రం ఖాయం.

ఇందులో డామాకి సందేహం ఏనాడూ లేదు. ఆటలో మాత్రం అతనొక చిన్న మినహాయింపు పెట్టుకున్నాడు. బంతి తిండి కాదు. కాబట్టి ఎవరికైనా ఇవ్వొచ్చు.

ఇవ్వక తప్పదు కూడా. రగ్బీ లీగ్‌లో డామాది డమ్మీ హాఫ్ స్థానం. తనవాణ్ణి అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. వాడు లేచి కాలితో బంతిని వెనక్కి దొర్లిస్తాడు. డామా వంగి దాన్ని తీసి విసురుతాడు. విసిరేది ఎక్కువగా హాఫ్‌కే, అంటే గాండెకే. ఆరుసార్లు పడేలోగా గీత దాటి బంతిని నేలకు అద్దాలి, అంటే ట్రై చెయ్యాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళదవుతుంది. ఆట మొత్తంలో డామా చేతుల మీదుగా నడిచినన్ని సార్లు బంతి ఇంకెవరి చేతుల మీదుగానూ నడవదు. తెచ్చేవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చున్న దుకాణదారు లాంటి పని అది. సరుకు తనది కాదు. దాన్ని ఎప్పుడు, ఎవరికి, ఏ వేగంతో అందించాలన్నదే తన బతుకు.

ఆ పని అతను మైదానంలో నేర్చుకోలేదు. తమ జిల్లా పట్నం కుండియావాలో రోడ్డు పక్కన, అత్త బోల్కున్ వక్కల గుట్టల ముందు కూర్చుని నేర్చుకున్నాడు. తీరం నుంచి లారీల మీద వచ్చిన పచ్చి వక్కల్ని ఆమె చిన్న చిన్న గుట్టలుగా పేర్చేది. కొనేవాడి కళ్ళు చూడకు, కళ్ళు అబద్ధమాడతాయి, వాడి పాదాలు చూడు అనేది. పాదాలు గుట్ట వైపు తిరిగి ఉంటే వాడు ఎంత తిట్టినా కొనే పోతాడు. డామా పెద్దయ్యాక ఎదురుగా నిలబడ్డ ఆటగాళ్ళ పాదాలే చూశాడు. బరువు ఏ కాలి మీద ఉంటే దాని అవతల పక్క ఖాళీ. అంత పొట్టివాడు, అంత తేలికైనవాడు దేశం తరఫున అన్నేళ్ళు ఆడటానికి వేరే రహస్యమేమీ లేదు.

తన జీవితాన్ని అతను లాభనష్టాల్లోనే చూసుకునేవాడు. పద్దెనిమిదేళ్ళకి బలం చవగ్గా దొరికింది, విచ్చలవిడిగా వాడేశాడు. క్వీన్స్‌లాండ్‌లో ఆడిన నాలుగేళ్ళు పెట్టుబడి. ఆ తరవాత ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చలి ఊరి క్లబ్బులో ఆడినవి లాభం. అక్కడ జనం అతని పేరు పలకలేక పాటలో కలుపుకుని పాడేవాళ్ళు. ఆ చలిలోనే అత్తకి సిమెంటు నేల, రేకుల పైకప్పు, నీళ్ళ ట్యాంకు సంపాదించాడు. నష్టం ఒక్కటే, అది చివర్లో వచ్చింది. అక్కడి ఆఖరి మ్యాచ్‌లో వానలో బల్ల మీద కూర్చోబెట్టి, ఆట అయిపోవచ్చాక దింపారు. తాకిన ఒకే ఒక్క బంతి చేతిలోంచి జారింది. అంతే, ఈల.

మంచి సరుకుని చివరిరోజు కుళ్ళబెట్టి పారేసినట్టయింది అతనికి. అందుకే ఇంకో ఏడాది ఒంటిని బతిమాలుకున్నాడు. ఇంగ్లండ్ జట్టు దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీకి వస్తోంది. తన నేల మీద, తన జనం ముందు, ఎర్ర నల్ల పసుపు చొక్కాలో ఆ ఒక్క టెస్టు మొదటినుంచి చివరిదాకా ఆడి వదిలెయ్యాలి. అంతకు మించి అడగడం లేదు. తక్కువకు ఒప్పుకోవడమూ లేదు.

ఆ సాయంత్రం కోచ్ అందర్నీ గడ్డి మీద కూర్చోబెట్టాడు.

"పోయిన పర్యటనలో ఎందుకు ఓడామో తెలుసా? అవతలివాళ్ళు గొప్పోళ్ళని కాదు. మన భోజనాల గదిలో ఏడు బల్లలుంటే ఏడు దేశాలుండేవి. శనివారం ముము పెడుతున్నా, గోతి వంట. వంటవాళ్ళు ఉండరు. మీరే గొయ్యి తవ్వాలి, మీరే రాళ్ళు కాల్చాలి, మీరే వండాలి. మైదానంలో పక్కపక్కన ఆడే ఇద్దరిద్దరూ ఒక జోడీ. మీ మీ ఊళ్ళ నుంచి తెచ్చుకున్నదే వండాలి. ఒక జోడీకి ఒకే అరిటాకు. కలిసి తినని జోడీకి చొక్కా లేదు. ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

అందరూ డామా వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు.

తరవాత కోచ్ డామాని పక్కకు పిలిచాడు. "లే పట్నం నుంచి వచ్చిన కుర్రాడున్నాడు నీ స్థానానికి. నీ అంత తెలివి లేదు. కానీ ఎవరితో కూర్చోబెట్టినా తింటాడు."

"నేను పెద్దవాణ్ణి కదా కోచ్, ఈ ఒక్కసారికి..."

"పెద్దవాడివి కాబట్టే. నిన్ను చూసి మిగతావాళ్ళు నేర్చుకుంటారు. మంచైనా చెడైనా."

"మా కొండల సంగతి మీకు తెలీదు."

"తెలీదు. మాది రబౌల్. మా మీద అగ్నిపర్వతం పడింది, ఊరంతా బూడిదైపోయింది, అప్పుడు ఎవడి పక్కన కూర్చుని తింటున్నామో ఎవరూ చూసుకోలేదు. శనివారం, డామా."

మర్నాడు డామా కోచ్‌ని అడిగి, గొరోకా శిబిరం నుంచి కుండియావా వ్యానెక్కాడు. డౌలో కనుమ దాటేదాకా పొగమంచు, దాటాక ఎండ. దారంతా ఆలోచించుకుంటూనే వెళ్ళాడు. కోమ్‌గై పెద్దలు పదిమంది ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళితే పది నోళ్ళు, పది అడ్డుపుల్లలు. కానీ పోయినవాడు బోల్కున్ భర్త. ఆమె సరేనంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. ఆమె కాదంటే పదిమంది సరేనన్నా దండగే. ఒక్క తలుపు తడితే సరిపోయేచోట పది తలుపులు తట్టడం దేనికి?

అత్త ఎప్పటిచోటే ఉంది. చిరిగిన పెద్ద గొడుగు కింద, ముందు వక్కల గుట్టలు, పక్కన సున్నం డబ్బా, నోరంతా ఎర్రగా.

"చొక్కా ఇచ్చారా?" అంది చూడగానే.

"ఇంకా లేదత్తా."

"మరి చొక్కా లేకుండా ఏం మొహం పెట్టుకుని వచ్చావు? కూర్చో. ఆ గుట్ట మీద కాదు, ఇటు."

కూర్చుని జరిగింది చెప్పాడు. ఆమె ఈగల్ని తోలుతూ వింది. గాండె పేరు రాగానే తోలడం ఆపేసింది.

"మోండియా కొడుకా?"

"ఆఁ. మోండియా కొడుకే."

"మోండియా ఆ రోజు గట్టు మీద ఉన్నాడు."

"తెలుసత్తా."

"నిన్ను మొదటిసారి ఆట చూపించడానికి భుజాల మీద ఎక్కించుకుపోయింది మీ మామ. అదీ తెలుసా?"

"తెలుసు."

"అన్నీ తెలిసి అడగడానికొచ్చావు. వద్దురా. ఆడకపోతే ఆడకు. చాలా ఆడావు. వాళ్ళ దుంప నోట్లో పెట్టుకుని నా నిప్పు దగ్గరికి రాకు."

డామా వాదించలేదు. వాదిస్తే ఆమె గెలుస్తుందని అతనికి చిన్నప్పటినుంచి తెలుసు. ఊరికే కూర్చున్నాడు. సంత బాగా నడుస్తున్న రోజది. ఒకడొచ్చి వక్కలు కొన్నాడు. ఇంకొకడొచ్చాడు. మూడోవాడు టోపీ పెట్టుకున్న మధ్యవయసువాడు. గుట్ట ఒకటి చూపించి, కొంచెం గొణిగి, నాణెం పడేసి, అక్కడే ఒక వక్క కొరికి ఆమె డబ్బాలోని సున్నం నాలిక మీద రాసుకుని నములుతూ వెళ్ళిపోయాడు. ఆమె నాణేన్ని సంచిలో వేసుకుంది.

"ఎవరత్తా ఆయన?"

"ఎవరో. వారం వారం వస్తాడు."

"అటుపక్క కొండవాడు కదూ?"

ఆమె గుట్టలోని వక్కల్ని మళ్ళీ పేర్చడం మొదలుపెట్టింది.

"అరిబావాడు నీ చేతి వక్క నమిలాడు. నీ డబ్బాలో సున్నం నోట్లో పెట్టుకున్నాడు. నువ్వు విషం కలిపావేమోనని భయపడలేదు. నువ్వూ వాణ్ణి తరిమెయ్యలేదు."

"డబ్బిచ్చాడురా. అది అమ్మకం. అమ్మకంలో మీవాళ్ళు మావాళ్ళు ఏముంటారు? అలా చూసుకుంటే నా సరుకంతా కుళ్ళిపోదూ?"

"నేనూ అదే అంటున్నానత్తా. నేను గాండెతో కలిసి తినను. గాండె దగ్గర కొనుక్కుని తింటాను. వాడు నా దగ్గర కొనుక్కుని తింటాడు. ఆకు ఒకటే. బేరాలు రెండు."

బోల్కున్ అతనికేసి చాలాసేపు చూసింది. పక్కనున్న కూరగాయలావిడ కూడా పని మానేసి ఇటే చూస్తోంది. ఉన్నట్టుండి బోల్కున్ ఎర్రటి ఉమ్మి పక్కకు ఊసి, నవ్వు ఆపుకోలేక మొహం గొడుగు కర్ర వెనక దాచుకుంది.

"దొంగ వెధవా! నా దుకాణం ముందు కూర్చుని నాకే సరుకు అంటగడతావా?"

"కొంటావా మరి?"

"ఆగు. ఊరికే కొంటాననుకోకు." వేళ్ళు ముడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "డబ్బు ముందు, ముద్ద తరవాత. ఒక్క తునక కూడా తేరగా పుచ్చుకోకు, ఒక్క తునక కూడా తేరగా పెట్టకు. అరువు అసలే వద్దు. అరువు పెట్టుకున్నావంటే రేపు మళ్ళీ కలవాలి. రేపు మళ్ళీ కలవాల్సినవాళ్ళనే చుట్టాలంటారు. వాళ్ళు మనకి చుట్టాలు కారు."

"సరే."

"బేరమాడు. గట్టిగా ఆడు. బేరమాడకుండా కొన్నావంటే ఇష్టపడి కొన్నావనుకుంటారు."

"సరే అత్తా."

"మనవాళ్ళతో నేను మాట్లాడతా. నువ్వు నోరెత్తకు. నువ్వు మాట్లాడితే క్షమించమని అడుగుతున్నట్టుంటుంది. నేను చెబితే వ్యాపారం చేస్తున్నట్టుంటుంది."

ఆమె క్షమించలేదు. డామా అది అడగనూ లేదు. తిరుగు వ్యానులో అతనికి హాయిగా నిద్ర పట్టింది.

శిబిరానికి రాగానే హారోని పట్టుకున్నాడు. గాండె షూ తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"హారో, అతన్ని అడుగు. శనివారం బేరం ఆడటం వచ్చా అని."

"ఏం బేరం అన్నా?"

డామా విడమరిచి చెప్పాడు. గాండె తాళ్ళు కట్టుకోవడం మానేశాడు. వింటున్నకొద్దీ మూతి ఒక పక్కకు వంకర తిరిగింది.

"ముసలాయనతో చెప్పు, మా అమ్మ దుంపలు అమ్ముతూ అమ్ముతూ సంతలోనే నన్ను కన్నది. మా దుంపలు ఆయన కొనగలడో లేదో చూసుకోమను."

"ఇతను ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు హారో అయోమయంగా.

"ధర చెప్పబోతున్నాడు. ఒప్పుకున్నట్టే," అన్నాడు డామా.

శనివారం పొద్దుటినుంచే గోతుల్లో రాళ్ళు కాలాయి. కాలిన రాళ్ళ మీద ఆకులు, ఆకుల మీద దుంపలు, ఆకుకూరలు, మాంసం, మళ్ళీ ఆకులు, పైన మట్టి. గాండె కొండ మీది నుంచి అతని అన్నలు ఒక బస్తా చిలగడదుంపలు దింపి వెళ్ళారు. డామా కుండియావాలో కొని తెప్పించిన పంది తొడ ఎదురు మూలలో ఉడికింది. మధ్యాహ్నానికి ఆవిరి కక్కుతూ గోతులు తెరిచారు. జోడీలు జోడీలుగా ఆకులు పరుచుకున్నారు. డామా, గాండె ఒక ఆకుకి అటూ ఇటూ కూర్చున్నారు. జట్టు మొత్తం తన తిండి మరిచిపోయి వాళ్ళ చుట్టూ మూగింది.

డామా జేబులోంచి నడిమధ్య చిల్లు ఉన్న కీనా నాణెం ఒకటి తీసి ఆకు అంచున పెట్టాడు.

"దుంప ఎంత?" అన్నాడు. గాండెతో అతను నేరుగా అన్న మొదటి మాట అదే.

గాండె గొంతు సవరించుకున్నాడు. "ఏ దుంప? ఇదా? ఇది మామూలు దుంప కాదు. మా అమ్మ చేత్తో నాటింది. కీనాకి ఒక్కటి."

"ఒక్కటా! దానికి చీమలు తిన్న కన్నం ఉంది."

"అది కన్నం కాదు, గాలి ఆడటానికి."

"గాలి కూడా అమ్ముతున్నావా? రెండు దుంపలిస్తే కొంటా. లేదంటే పక్క కొట్టుకి పోతా."

"పో. పక్క కొట్టులో హారో ఉన్నాడు. వాడు చేపలు కాల్చాడు, మూడు రోజులనాటివి."

"నా చేపల జోలికి రాకండి!" అని అరిచాడు హారో. నవ్వులు గొరోకా మీద మబ్బుల దాకా వెళ్ళాయి.

రెండు దుంపలకి బేరం కుదిరింది. నాణెం గాండె చేతికి వెళ్ళింది. డామా ఒక దుంప విరిచి నోట్లో పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న కొండవాళ్ళు ఊపిరి బిగబట్టి అతని మొహం చూశారు. అతను నమిలాడు, మింగాడు, మూతి తుడుచుకున్నాడు.

"కాస్త పచ్చిగా ఉంది," అన్నాడు.

"డబ్బు తీసుకున్నాక వాపసు లేదు. మాంసం ఎంత?"

"కొవ్వున్న ముక్కా, లేనిదా?"

"ఉన్నదే. నేను పరుగెత్తేవాణ్ణి, నీలాగా వంగి ఏరుకునేవాణ్ణి కాదు."

"నోటికి కూడా ధర కట్టాల్సొస్తుంది అయితే. అదే నాణెం, ఒక ముక్క."

"ఒక ముక్కా? నీ పంది నీకంటే ముసలిది. రెండు."

నాణెం ఇటు వచ్చింది. గాండె తిన్నాడు. నాణెం అటు వెళ్ళింది. డామా తిన్నాడు. ముద్ద ముద్దకీ నాణెం ఆకు మీదుగా అటూ ఇటూ పోతూనే ఉంది, దాంతోపాటు తిట్లూ వెక్కిరింతలూ. అయిదారు బేరాల తరవాత ఇద్దరూ ధర అడగడం కూడా మానేశారు. నాణెం వచ్చే తీరు చూసే ఏం కావాలో తెలిసిపోతోంది.

కోచ్ జనాన్ని తోసుకుని వచ్చి నిలబడ్డాడు. "ఇదేమిటి? నా శిబిరంలో తిండి అమ్ముకుంటున్నారా?"

"ఒకే ఆకు అన్నారు కోచ్," అన్నాడు డామా మాంసం ముక్క ఎత్తి చూపిస్తూ. "ఒకే ఆకు. మా ఊళ్ళనుంచి తెచ్చిందే. ఇద్దరమూ తింటున్నాం. డబ్బు గురించి మీరేమీ అనలేదు."

టోకియాలా ఆకు వైపు చూశాడు. నాణెం వైపు చూశాడు. కొండల సంగతి తెలియకపోయినా, రబౌల్‌లో ఆయన నాన్నది కొబ్బరి వ్యాపారం. బేరమంటే ఏమిటో తెలియనివాడు కాదు.

"నాక్కూడా ఒక దుంప అమ్మండి," అని గాండె పక్కన చతికిలబడ్డాడు.

"కోచ్‌లకి రేటు వేరు," అన్నాడు గాండె.

ఆ రాత్రికే కుండియావాలో కబురు పాకింది. డామాకి ఏ ఫోనూ రాలేదు. తిట్టడానికి కూడా ఎవరూ చేయలేదంటే అత్త తన పని తాను చేసిందని అర్థం.

సోమవారం నుంచి హారోకి టపా మోసే పని తప్పింది. "కొంచెం కుడికి రా" అని డామా అంటే, "అడిగి తీసుకోవాలా, ఉచితమా?" అనేవాడు గాండె. బంతి రాకముందే పరుగెత్తడం అతనికి అలవాటైంది. ఎందుకో అతనూ చెప్పలేదు, డామా అడగనూ లేదు. బహుశా బేరంలో మోసం చెయ్యనివాడు బంతిలోనూ చెయ్యడని అనుకున్నాడేమో. శుక్రవారం చొక్కాలు పంచారు. తొమ్మిదో నంబరు డామాకి, ఏడో నంబరు గాండెకి.

పోర్ట్ మోర్స్‌బీలో ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. మైదానం ఎప్పుడో నిండిపోయింది; టిక్కెట్లు దొరకనివాళ్ళు చుట్టుపక్కల చెట్లూ, గోడలూ, నీళ్ళ ట్యాంకులూ ఎక్కారు. పూనకం వచ్చినట్టు అరుస్తున్నారు. ఇంగ్లండ్ జట్టు ముందు వరసలో హార్‌గ్రీవ్స్ ఉన్నాడు. ఆ చలి ఊరి క్లబ్బులో డామాతో అయిదేళ్ళు ఆడినవాడు, కొండంత మనిషి.

"ఇంకా ఆడుతున్నావా తాతా?" అన్నాడు మొదటి గుద్దులాటలోనే డామాని లేపి నిలబెడుతూ. "ఆ మోకాలు ఇంకా ఊడిపోలేదా?"

"ఊడితే నీకే అమ్ముతా. నీదానికంటే కొత్తది."

హార్‌గ్రీవ్స్‌కి మోకాలి సంగతి తెలుసు. ఆపరేషన్ అయినప్పటినుంచీ డామా సొంతంగా పరుగెత్తడం మానేశాడని, తీసి విసరడమే చేస్తాడని ఇంగ్లండ్ వాళ్ళందరికీ తెలుసు. డామా ఆ నమ్మకాన్ని వాళ్ళ దగ్గరే ఉంచుకోనిచ్చాడు. ఆట మొదలైనప్పటినుంచి బంతి తీయడం, గాండెకి విసరడం. తీయడం, విసరడం. మొదట్లో ఒక్కడు గాండె మీదికి వచ్చేవాడు. గాండె ఇద్దర్ని తప్పించి ఒక ట్రై చేయించాక ఇద్దరు రావడం మొదలుపెట్టారు. రెండో సగానికి, డామా బంతి కోసం వంగేసరికే ముగ్గురి పాదాలు గాండె వైపు తిరిగి ఉండేవి. దెబ్బలు తిని తిని గాండె పెదవి చిట్లింది.

"నాకే ఇస్తావా ప్రతిసారీ? చంపేస్తున్నారు!"

"గిరాకీ ఉంది కాబట్టి ఇస్తున్నా. ఓర్చుకో."

ఆట ముగిసే వేళకి ఇంగ్లండ్ రెండు పాయింట్లు ముందుంది; ఒక్క ట్రై చేస్తే చాలు, గెలుపే. గీతకి దగ్గరగా హారో ముగ్గుర్ని మోసుకుంటూ వెళ్ళి పడ్డాడు. అది అయిదోసారి. ఇంకొక్కసారి పడితే బంతి అవతలివాళ్ళదే. హారో లేచి, మడమతో బంతిని వెనక్కి దొర్లించాడు. హారో ఎదురుగా కాపలా నిలబడినవాడు హార్‌గ్రీవ్స్. డామా వంగాడు. వంగుతూనే పాదాలు చూశాడు. హార్‌గ్రీవ్స్ బరువంతా కుడి కాలి మీద ఉంది, గాండె వైపు. అతని పక్కవాడిదీ అంతే. గాండె అప్పటికే గాలిలా బయల్దేరాడు, చేతులు ముందుకు చాచి, బంతి తనదేనని నమ్మి, ఆ నమ్మకంలో నటన ఇసుమంత కూడా లేకుండా.

డామా భుజాలు గాండె వైపు తిప్పాడు. చేతులు ఊపాడు. బంతి వదల్లేదు.

హార్‌గ్రీవ్స్ ఒక్క అడుగు పక్కకు వేశాడు. అతను ఖాళీ చేసిన చోటు సంచి నోరంత ఉంది. పొట్టివాడికి అది చాలు. ఆపరేషన్ చేసిన మోకాలు కీచుమంది. డామా దాన్ని పట్టించుకోలేదు. ఈ పనికే కదా ఇన్నాళ్ళూ దాన్ని ఖర్చు చెయ్యకుండా దాచింది. హార్‌గ్రీవ్స్ వెనక్కి తిరిగి చొక్కా పట్టుకునేలోగా డామా గీత మీద పడ్డాడు, బంతి గుండె కింద, గుండె నేల మీద.

కాసేపు ఏమీ వినిపించలేదు. తరవాత అన్నీ ఒకేసారి వినిపించాయి.

మొదట వచ్చి అతన్ని లేపింది గాండె. లేపినవాడు చొక్కా మెడ వదల్లేదు.

"నన్ను ఎరగా వేశావు!"

"నీ ధర పెంచాను."

"పొద్దుటినుంచీ దెబ్బలు తిన్నది నేను. ధర పెంచి సొమ్ము నువ్వు తిన్నావు!"

"ఈ ఒక్కరోజే. రేపటినుంచి ఆ ధర నీది. ఆ కొండగాణ్ణి చూడు."

హార్‌గ్రీవ్స్ మోకాళ్ళ మీద కూర్చుని డామా వైపు వేలు ఆడిస్తూ నవ్వుతున్నాడు. "దొంగ ముసలోడా," అన్నాడు. తరవాత గాండెని ఎగాదిగా చూసి, "ఈ కుర్రాడికి మా ఊరి చలి పడుతుందా?" అని అడిగాడు.

"అది నన్నడగకు. బేరం వాడితోనే ఆడు," అన్నాడు డామా. "జాగ్రత్త, గాలికి కూడా డబ్బులడుగుతాడు."

ఆ గెలుపుతో కాలువ గట్టు తగవు తీరలేదు. పేపర్లవాళ్ళు రెండు తెగలూ కలిసిపోయాయని రాశారు, అదేమీ జరగలేదు. ఆ సాయంత్రం విందులో డామా, గాండె వేరువేరు బల్లల మీదే తిన్నారు. దాన్ని ఎవరూ లోటుగా అనుకోలేదు, వాళ్ళిద్దరూ అసలే అనుకోలేదు.

విందు మధ్యలో డామా బయటికి వచ్చి అత్తకి ఫోన్ చేశాడు. అటునుంచి గుంపు కేకలు, డప్పులు, ఎవరిదో కారు హారన్ ఆగకుండా మోగుతోంది.

"విన్నావా అత్తా?"

"రేడియో పగిలిపోయింది. అరుస్తుంటే ఎవడో తన్నేశాడు. కొత్తది కొనిపెట్టు."

"కొంటాను. చొక్కా ఇప్పేశానత్తా. ఇంక లేదు. అయిపోయింది."

హారన్ మోగుతూనే ఉంది.

"మంచి ధరకే ఇచ్చావు," అంది చివరికి. "ఇంకో రోజు ఉంచుకుని ఉంటే కుళ్ళిపోయేది." తరవాత గొంతు తగ్గించింది. "ఆ మోండియా కొడుకు... బాగానే పరుగెత్తాడంట?"

"బాగా పరుగెత్తాడు."

"నేను అడిగానని చెప్పకు."

"చెప్పను. రేపు విమానమెక్కుతున్నా. వచ్చి నీ పక్కన దుకాణం పెడతా."

"పెట్టుకో. కానీ నా గొడుగు కింద చోటు లేదు. నీ గొడుగు నువ్వు తెచ్చుకో."